నాలుగుతో పోని అంకె

యోగా నేర్పమంటే నేను విజిల్ పట్టుకుని వెళ్ళాను. ఆ ఏడాది పరీక్షల కాలంలో మా ఇంట్లో జరిగిందంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. కాని ఒక్క మాటలో చెప్పి ఊరుకుంటే నా తప్పు చిన్నదిగా కనిపిస్తుంది. అందుకని మొత్తం చెబుతాను.

నేను బళ్ళో డ్రిల్లు మాస్టారిని. ఇరవై రెండేళ్ళుగా మెడలో విజిలు, చేతిలో స్టాప్‌వాచీ. పిల్లలు నన్ను వెనకాల ‘విజిల్ సార్’ అంటారని నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. మా ఒక్కగానొక్క కూతురు, ఇంట్లో మేం అమ్మలు అని పిలుచుకునే పిల్ల, ఆ ఏడు మా బళ్ళోనే పదో తరగతి. బళ్ళో నన్ను సార్ అనాలి, ఇంట్లో నాన్నా అనాలి. మధ్యలో రోడ్డు దాటేదాకా ఏమీ పిలిచేది కాదు.

అసలు పరీక్షలకి ముందు బళ్ళో ఒక నమూనా పరీక్ష పెడతారు. లెక్కల రోజున అమ్మలు మూడు గంటలూ హాల్లో కూర్చుని తెల్ల కాగితం ఇచ్చి వచ్చింది. రాక కాదు. ముందురోజు సాయంత్రం అవే లెక్కలు నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. నాకు అర్థం కాలేదంటే అది వేరే సంగతి. ప్రశ్నపత్రం చేతికి రాగానే అరచేతులు చెమట పట్టేశాయట. అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయట. గుండె చెవుల్లో కొట్టుకుందట. ఆ రోజు హాల్లో కాపలా ఉన్న సైన్సు టీచరు నన్ను పక్కకి పిలిచి, అమ్మలు పెన్ను మూత కూడా తియ్యలేదని, కాగితం మీద దాని రోల్ నంబరు చివరికి తనే రాయాల్సి వచ్చిందని చెప్పింది.

అసలు పరీక్షలకి యాభై రోజులు ఉన్నాయి. అక్కడా ఇలాగే జరిగితే ఏమిటి గతి అన్న భయం ఆ సాయంత్రం పిలవని చుట్టంలా మా ఇంటికి వచ్చి తిష్ఠ వేసింది. ముగ్గురం భోజనానికి కూర్చుంటే అది నాలుగో మనిషిగా కూర్చునేది.

మా హెడ్ మేడమ్‌ది మరో రకం కంగారు. అలా చేతులెత్తేసిన పిల్లలు అమ్మలు కాక ఇంకా ఎనిమిది మంది తేలారు. యోగా చేస్తే పిల్లలకి పరీక్షల భయం పోతుందని, మార్కులు కూడా పెరుగుతాయని ఆవిడ ఎక్కడో చదివింది. వెంటనే నన్ను మూడు రోజుల శిక్షణకి పంపింది. అక్కడ నేర్పిన పెద్దాయన సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. “ఊపిరి ఎలా నడుస్తోందో చూడమనండి పిల్లల్ని. దాన్ని ఉరికించొద్దు, ఆపొద్దు. ఏదో సాధించాలని అసలు చెప్పొద్దు,” అన్నాడు. ఆ మాట నా నోటు పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీశాను. తిరిగొచ్చాక ఆ పుస్తకం మళ్ళీ తెరిస్తే ఒట్టు.

నలభై రెండు మంది పదో తరగతి పిల్లలు. పొద్దున్నే ఏడింటికి, ప్రార్థన హాల్లో బెంచీలు గోడకి నెట్టి, నేల మీద పట్టాలు పరిచి కూర్చోబెట్టేవాణ్ణి. ఒక విజిలుకి ఊపిరి లోపలికి, రెండు విజిళ్ళకి బయటికి. నడుములు నిటారుగా ఉండాలి. కళ్ళు తెరిచినవాడి పేరు పిలిచేవాణ్ణి. పాపం, కళ్ళు మూసుకున్న పిల్లలు కూడా నేను విజిలు ఊదినప్పుడల్లా ఉలిక్కిపడేవాళ్ళు. అది శ్రద్ధ అనుకున్నాను.

ఇంతలో నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. పరుగు పందేల పిల్లలకి నాడి చూడటం నాకు అలవాటే. భయం తగ్గుతోందో లేదో తెలియాలంటే అంకె ఉండాలి కదా. అందుకని క్లాసు చివర స్టాప్‌వాచీ నొక్కేవాణ్ణి. పిల్లలు మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి, పదిహేను సెకన్లలో గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టి, దాన్ని నాలుగుతో హెచ్చవేసి, వరసగా పైకి చెప్పాలి. నేను గోడకి అంటించిన పెద్ద చార్టులో రాసుకునేవాణ్ణి. తొంభై దాటినవాళ్ళు ఇంకో పది నిమిషాలు ఆగి సాధన చెయ్యాలి. మిగతావాళ్ళు చదువుకోడానికి పోవచ్చు.

మొదటి రోజు రోల్ నంబరు పదిహేడు, అంటే మా అమ్మలు, “నూట పన్నెండు సార్,” అంది. రెండో రోజు నూట ఎనిమిది. మూడో రోజు మళ్ళీ నూట పన్నెండు. తొమ్మిది రోజులు వరసగా దాన్ని పది నిమిషాలు ఆపాను. కన్నకూతురని వదిలేస్తే నలుగురూ నవ్వరా? మిగతావాళ్ళు పుస్తకాలు చంకన పెట్టుకుని పోతుంటే అది గోడ వైపు చూస్తూ కూర్చునేది. నేను ఎదురుగా నిలబడి విజిలు ఊదేవాణ్ణి.

పదో రోజు ఎనభై ఎనిమిది అంది. ఆ తర్వాత డెబ్బై ఆరు. ఆ తర్వాత డెబ్బై రెండు. మూడో వారం మొదలయ్యేసరికి డెబ్బైకి వచ్చి నిలబడింది. ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. దానిదే కాదు, క్లాసు మొత్తానిదీ చార్టు మీద గీతలు పొద్దువాలినట్టు కిందికి దిగాయి. హెడ్ మేడమ్ తల్లిదండ్రుల్ని పిలిచి ఆ చార్టు చూపించింది. చప్పట్లు కొట్టారు. నేను చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాను గాని, లోపల నేల మీద లేను.

ఇంట్లో మాత్రం ఆ చప్పట్లు వినిపించలేదు. నా భార్య పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. రోజంతా జనం ముఖాలు చూసే ఉద్యోగం. ఎవరు ఉత్తరం కోసం వచ్చారో, ఎవరు ఊరికే నీడకి వచ్చారో గడప దగ్గరే చెప్పేస్తుంది. ఒక ఉదయం అమ్మలుకి జడ వేసి, దువ్వెన తీసుకొచ్చి నా ముందు పెట్టింది. దాన్నిండా చుట్టలు చుట్టుకుని జుట్టు.

“వారం నుంచి ఇలాగే ఊడుతోంది. గోళ్ళు చూశారా? కొరకడానికి కూడా ఏం మిగల్లేదు. ఒకసారి డాక్టరుకి చూపిద్దామండీ,” అంది.

డెబ్బై అన్నాను నేను. ఏమిటి డెబ్బై అని అడిగింది. నాడి అని, పరుగు పిల్లలకి కూడా అంత నిలకడ ఉండదని, నీ కూతురు లోపల నిమ్మకు నీరెత్తినట్టు ఉందని, జుట్టుదేముంది, నీళ్ళు పడక ఊడుతుందని చెప్పాను. ఆవిడ దువ్వెనలోంచి ఆ జుట్టు తీసి, ఉండ చేసి, కిటికీ దగ్గర పెట్టింది. చెత్తబుట్టలో వెయ్యకుండా అక్కడెందుకు పెట్టిందో నాకు అప్పుడు తెలియలేదు. రోజుకొక ఉండ చొప్పున ఆ కిటికీ గట్టు మీద ఆరు పోగయ్యాయి. ఆవిడ చార్టు అది.

నాకు కనబడలేదని కాదు. అమ్మలు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. కనబడినప్పుడల్లా నాకు గుబులు పుట్టేది. గుబులు పుట్టినప్పుడల్లా గోడ మీది డెబ్బైని తలుచుకునేవాణ్ణి. పిల్ల ముఖం కన్నా అంకె చూడటం సులువుగా ఉండేది. ఇదీ నా తప్పు.

పరీక్షలు ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా మా లెక్కల మాస్టారు ఆ హాల్లోకి వచ్చాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. రిటైరు కావడానికి దగ్గరపడ్డ మనిషి. టీ గ్లాసు చేతిలో పెట్టుకుని తిరగడం, కనబడిన ప్రతి అంకెనీ పలకరించడం ఆయన అలవాటు. చార్టు ముందు నిలబడి చాలాసేపు చూశాడు. నేను పొగడ్త కోసం ఎదురుచూస్తున్నాను.

“ఏమోయ్ డ్రిల్లు మాస్టారూ, నాడి ఎన్ని సెకన్లు చూస్తారు?” అని అడిగాడు.

పదిహేను, ఆపైన ఇంటూ నాలుగు అన్నాను.

“మరి ఈ డెబ్బై ఎట్లా వచ్చిందయ్యా? నాలుగుతో హెచ్చవేస్తే వచ్చేది నాలుగుతో పోవాలిగా. డెబ్బై పోదు. పదిహేడున్నర సార్లు కొట్టుకుంటుందా గుండె?”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన టీ గ్లాసు కిటికీలో పెట్టి, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, పేపర్లు దిద్దినట్టే మొదలుపెట్టాడు. డెబ్బై నాలుగు తప్పు. అరవై ఆరు తప్పు. డెబ్బై ఒకటి, ఇదైతే మరీ సిగ్గులేని తప్పు. ఆ రోజు వరసలో నలభై రెండింటికి ఇరవై ఆరు సున్నాలు చుట్టాడు. “మిగతా పదహారు మందీ నిజం చెప్పినవాళ్ళనుకోకు. వాళ్ళకి ఎక్కాలు బాగా వచ్చని అర్థం,” అని నవ్వబోయి, పదిహేడో నంబరు ఎవరిదో గుర్తొచ్చి ఆపుకున్నాడు. గ్లాసు తీసుకుని, నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, వెళ్ళిపోయాడు.

పైన పటారం, లోన లొటారం అంటారే, ఆ చార్టు ముందు నిలబడితే ఆ సామెత నా కోసమే పుట్టిందనిపించింది. పదిహేడో నంబరు మీది ఎర్ర సున్నా దగ్గర మొదలుపెట్టి, ఒక్కో రోజూ చూసుకుంటూ వెనక్కి వెళ్ళాను. పదిహేను రోజులుగా నా కూతురు రోజూ పొద్దున్నే నా కళ్ళలోకి చూసి అబద్ధం చెబుతోంది. నేను దాన్ని అందంగా రాసుకుంటున్నాను.

ఇంటికి వెళ్ళేదాకా కోపమే. గుమ్మం దాటేసరికి అమ్మలు హాల్లో నేల మీద లెక్కల పుస్తకం ముందు కూర్చుని ఉంది. చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి దాని చెయ్యి పట్టుకున్నాను. లాక్కోబోయింది. వదల్లేదు. వాచీ అక్కర్లేకుండానే తెలిసిపోయింది. వల్లో పడ్డ పిట్టలా కొట్టుకుంటోంది నాడి.

“ఇన్ని రోజులు ఎందుకు అబద్ధం చెప్పావు?” అన్నాను. బళ్ళో గొంతు వచ్చింది నాకు, ఇంట్లో గొంతు కాదు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మలు తల ఎత్తలేదు. పది నిమిషాలు చదువు పోతుందనా అని అడిగాను. కాదన్నట్టు తలూపింది. అందరి ముందూ సిగ్గేసిందా అన్నాను. దానికీ కాదంది.

“నువ్వు అందరి నంబర్లూ గబగబా రాసేస్తావు నాన్నా,” అంది చివరికి. “నాది వచ్చేసరికి పెన్ను ఆగుతుంది. నూట పన్నెండు అంటే ఒక్క క్షణం అట్లా ఆగిపోతావు. ఆ తర్వాత రాస్తావు. పదహారో నంబరు చెబుతున్నప్పటి నుంచీ నాకు అదే భయం. డెబ్బై అంటే ఆగవు.”

నేను చెయ్యి వదిలేశాను. నిజమే కదా, ఆగేవాణ్ణి. నలభై రెండు మందిలో ఒక్కదాని దగ్గరే ఆగేవాణ్ణి. పరీక్ష భయం తీస్తానని బయల్దేరి, రోజూ పొద్దున్నే ఏడింటికి దానికి ఇంకో పరీక్ష పెట్టాను. దాన్ని నేనే దిద్దాను.

నా భార్య తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. “ముందు మీ నాన్నది చూడవే,” అంది, అంతే.

అమ్మలు నన్ను చూసింది. నేను కింద కూర్చుని చెయ్యి చాపాను. రెండు వేళ్ళు పెట్టింది, సరిగ్గా నేను నేర్పిన చోటే. స్టాప్‌వాచీ నా భార్య నొక్కింది. పదిహేను సెకన్లు అంత పొడుగని నాకు ఆ రోజు దాకా తెలియదు. చల్లగా, గోళ్ళు లేని ఆ రెండు వేళ్ళు నా మణికట్టు మీద ఉంటే, నా గుండె చప్పుడు నాకే వినబడుతోంది. తక్కువ రావాలి, తక్కువ రావాలి అని మనసులో అనుకుంటున్నాను. అనుకున్నకొద్దీ అది ఇంకా పరిగెత్తింది.

“ఇరవై తొమ్మిది,” అంది అమ్మలు. పెదవులు కదిపి హెచ్చవేసుకుంది. “నూట పదహారు. నాకన్నా ఎక్కువ.” “నువ్వు పది నిమిషాలు ఉండాలి సార్,” అని నవ్వింది.

దాని నోట నవ్వు విని ఎన్నాళ్ళయిందో. ముగ్గురం అక్కడే నేల మీద కూర్చున్నాం. నేను చెప్పులు అప్పుడు విప్పాను. విజిలు లేదు, లెక్క లేదు. ఊపిరి వస్తోంది, పోతోంది. నా భార్యకి రెండు నిమిషాలకే కునుకు పట్టింది. పది నిమిషాలయ్యాక నా నాడి ఎంతో ఎవరూ చూడలేదు.

మర్నాడు చార్టు తీసేశాను. హెడ్ మేడమ్ ఎందుకని అడిగింది. లెక్క తప్పింది మేడమ్, తప్పు నాదే అన్నాను. తల్లిదండ్రులకి ఏం చెప్పను అని ఆవిడ గాబరా పడింది. అదే చెప్పండి అన్నాను. ఆవిడకి నచ్చలేదు. ఆ తర్వాత చాలా రోజులు నన్ను చూసినప్పుడల్లా గోడ మీది ఖాళీ వైపు చూసేది. విజిలు సొరుగులో పడేసి, నోటు పుస్తకం వెతికి తీసి, గీత గీసిన మాట మళ్ళీ చదువుకున్నాను. ఆ రోజు నుంచి పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టి, నేను కూడా వాళ్ళ మధ్యే ఒక పట్టా మీద పడుకునేవాణ్ణి. నాలుగో వరసలో ఒకడు గురకపెట్టేవాడు. ఎవరూ వాణ్ణి లేపేవాళ్ళు కాదు.

దాంతో అన్నీ కుదుటపడ్డాయని చెబితే అది మరో డెబ్బై అవుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన నిద్ర గురించి, తిండి గురించి అడిగి, అమ్మలుతో విడిగా అరగంట మాట్లాడాడు. జుట్టు ఊడుతూనే ఉంది గాని కిటికీ గట్టు మీద ఉండలు చిన్నవవుతూ వచ్చాయి. సాయంత్రాలు అది నా చెయ్యి పట్టుకుని నాడి చూసేది, నేను దానిది చూసేవాణ్ణి. నూరు, తొంభై ఆరు, మళ్ళీ నూట నాలుగు. ఒక సాయంత్రం, హాల్లో కూడా ఇలాగే కొట్టుకుంటే ఎలా నాన్నా అని అడిగింది. జవాబు నా చేతిలోనే ఉంది. ఇరవై రెండేళ్ళుగా రోజూ చూస్తున్నదే.

“పరుగు పందెంలో గీత మీద నిలబడ్డ పిల్లలకి నూట ఇరవై దాకా ఉంటుందే. డెబ్బై ఉన్నవాడు గెలవగా నేను చూడలేదు. గుండె దాని పని అది చేసుకుంటుంది. నువ్వు పెన్ను మూత తియ్యి చాలు.”

పరీక్షలు మొదలయ్యాయి. మొదటి నాలుగూ ఎలాగో గడిచాయి. ఒకటి బాగా రాశానంది, ఒకటి చెప్పలేదు, మేం అడగలేదు. ఐదోది లెక్కలు. ఆ పొద్దున్న నా భార్య జడ వేసి, దువ్వెన వెనక్కి పెట్టేసి, ఆఫీసుకి సెలవు పెట్టలేదు గాని పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి వచ్చింది. మొదటిసారి తాళం చెవి అంది. రెండోసారి ఏ సాకూ చెప్పలేదు.

పరీక్ష కేంద్రం వేరే బడి. గేటు ముందు పిల్లలు, పెద్దలు కిక్కిరిసి ఉన్నారు. చివరి నిమిషం దాకా పుస్తకం మూయనివాళ్ళు కొందరు. పిల్లల్ని ఊపిరాడకుండా హెచ్చరిస్తున్న తండ్రులు కొందరు. వాళ్ళలో నన్ను నేను చూసుకున్నాను. అమ్మలు ముఖం పాలిపోయి ఉంది. పెదవులు ఎండిపోయాయి. వద్దులే అమ్మా, ఇంటికి పోదాం, వచ్చే ఏడు చూసుకుందాం అనాలనిపించింది. ఆ మాట గొంతు దాకా వచ్చింది.

“చెయ్యి ఇవ్వు,” అంది అమ్మలు.

ఇచ్చాను. అట్ట, పెన్నులు చంకలో ఇరికించుకుని, రెండు వేళ్ళు పెట్టి, నా ఇంకో చేతి గడియారం వైపు చూస్తూ లెక్కపెట్టింది. లోపల మొదటి గంట కొట్టారు. జనం కదిలారు. అది మాత్రం పదిహేను సెకన్లూ పూర్తిగా చూసి గాని నా చెయ్యి వదల్లేదు.

“ఎంత?” అన్నాను.

“డెబ్బై నాన్నా,” అంది.

పెదవి ఒక పక్కకి కొంచెం వంగింది. నా చెయ్యి ఒకసారి తట్టి, గుంపులో పడి లోపలికి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

గేటు మూశారు. గోడ పక్కన నీడ చూసుకుని నిలబడి నా మణికట్టు నేనే పట్టుకున్నాను. పదిహేను సెకన్లలో ముప్ఫై ఒకటి. మళ్ళీ చూశాను. ముప్ఫై ఒకటే. నూట ఇరవై నాలుగు. అది తప్పు లెక్కపెట్టే పిల్ల కాదు. అప్పట్లో నేను నిజం తట్టుకోలేనని నాకు చెప్పిన అంకెనే ఆ రోజూ చెప్పింది. ఈసారి దాని గుండె దాచుకోడానికి కాదు, నాది పట్టుకోడానికి. ఆ ఎండలో, అంతమంది మధ్య, నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

మూడు గంటలు అక్కడే నిలబడ్డాను. చివరి గంట కొట్టాక గుంపులోంచి అమ్మలు వచ్చింది. ఎలా రాశావని నేను అడగలేదు. అదీ చెప్పలేదు. దాహం వేస్తోందంది. నీళ్ళ సీసా అందుకున్న ఆ చేతి చూపుడు వేలి నిండా సిరా ఉంది.